థర్మోకోల్ దిమ్మెల గోడకు అద్దె బ్రేసింగ్ సెట్టు: నరసాపురం దగ్గర ఒక కోల్డ్‌రూము పనిలో చూసినది

నరసాపురానికీ పాలకొల్లుకీ మధ్య, రొయ్యల చెరువుల గట్టున, మా మేనల్లుడి వ్యాపారం కోసం ఒక చిన్న కోల్డ్‌రూమును ఈ వేసవిలో కట్టించాను. దాని గోడలు ఐసీఎఫ్ పద్ధతిలో, అంటే రెండు థర్మోకోల్ పలకల మధ్య కాంక్రీటు నింపే దిమ్మెలతో లేచాయి. కాంక్రీటు వేసేటప్పుడు ఆ గోడలను తిన్నగా నిలబెట్టడానికి ఇనుప బ్రేసింగ్ సెట్లు 26 అద్దెకు తెచ్చాం. ఈ సమీక్ష ఆ సెట్ల గురించీ, వాటిని అద్దెకిచ్చినవారి సేవ గురించీ రాస్తున్నాను. ఒక్క పని చూసి ఒక సంస్థ మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు కాబట్టి వారి పేరు రాయడం లేదు. సరుకులో ఉన్న గుణదోషాలు మాత్రం ఎవరి దగ్గర తెచ్చుకున్నా పనికొస్తాయి.

మన డెల్టాలో గోడ అంటే ఇటుక గోడే. అది తనంతట తాను నిలబడుతూ పెరుగుతుంది. మేస్త్రి ఒక రోజు మూడు నాలుగు అడుగులు లేపి, నిలువుగా ఉందో లేదో దారపు గుండు వేసి చూసుకుని, మరునాడు పై వరుసలు పెడతాడు. తప్పు జరిగితే ఆ వరుసలోనే దిద్దుకుంటాడు. ఐసీఎఫ్ గోడకు ఆ వెసులుబాటు లేదు. నాలుగడుగుల పొడవు, 16 అంగుళాల ఎత్తు ఉండే దిమ్మెలను ఒకదాని మీద ఒకటి పళ్లు కలిపి పేర్చుతారు. రెండు పక్కలా రెండున్నర అంగుళాల మందం పలకలు, మధ్యలో ఆరంగుళాల ఖాళీ, ఆ పలకలు విడిపోకుండా పట్టుకునే ప్లాస్టిక్ బంధాలు, ఆ బంధాల గాళ్లలో అడ్డంగా పరిచే ఇనుప కడ్డీలు, పైనుంచి దించే నిలువు కడ్డీలు: గోడ మొత్తం ఇంతే. మాకు ఎనిమిది వరుసలు పట్టాయి, అంటే 10 అడుగుల 8 అంగుళాలు. కాంక్రీటు పడే వరకూ అది ఖాళీ డబ్బా, పడ్డాక కొన్ని గంటలు మెత్తని ముద్ద, మరునాటికి రాయి. దాన్ని దిద్దుకునే అవకాశం ఆ కొన్ని గంటల్లోనే ఉంటుంది. ఈ బ్రేసింగ్ సెట్టును ఎందుకు అద్దెకు తెచ్చుకోవాలో చెప్పమంటే, ఆ కొన్ని గంటల కోసమే అని నా జవాబు.

ముందుగా ఒక అపోహ తీర్చాలి, ఎందుకంటే నేను కూడా అదే అపోహతో మొదలుపెట్టాను. ఈ ఇనుప సెట్లు కాంక్రీటు ఒత్తిడిని ఆపుతాయని చాలామంది అనుకుంటారు. ఆపవు. ఘనపు మీటరు కాంక్రీటు సుమారు 2,400 కిలోలు తూగుతుంది. తడిగా ఉన్నప్పుడు నీళ్ల మాదిరిగానే పక్కలకు తోస్తుంది. నాలుగడుగుల ఎత్తు ఒక్కసారి నింపితే అడుగున చదరపు మీటరుకు దాదాపు 2,900 కిలోల తోపు వస్తుంది. పదడుగులూ ఒకేసారి నింపితే అది 7,000 కిలోలు దాటుతుంది. ఆ తోపు రెండు పలకల మీదా ఎదురెదురుగా సమానంగా ఉంటుంది, దాన్ని మోసేవి లోపలి ప్లాస్టిక్ బంధాలు. బంధాలు ఓర్చుకోలేనంత త్వరగా నింపితే ఏ బ్రేసింగూ ఆ గోడ పగలకుండా ఆపలేదు. బ్రేసింగు పని వేరు. గోడను వరసలో ఉంచడం, గుండుకు సరిగా నిలపడం, గాలికి పడిపోకుండా పట్టుకోవడం, పైన మనుషులు నడిచే పలకలకు ఆధారం కావడం: ఈ నాలుగూ దాని పనులు.

గాలి సంగతి మాకు కాంక్రీటు వేయకముందే తెలిసింది. మా పొడుగు గోడ ఒక్కటే 12 మీటర్ల పొడవున, 39 చదరపు మీటర్ల వైశాల్యంతో ఉంటుంది. కడ్డీలను పక్కన పెడితే ఆ గోడ బరువు రెండు వందల కిలోలకు అటూ ఇటూ మాత్రమే. గంటకు 72 కిలోమీటర్ల గాలి, అంటే సెకనుకు 20 మీటర్లు, చదరపు మీటరు మీద 24 కిలోల ఒత్తిడి తెస్తుంది. మొత్తం గోడ మీద లెక్కిస్తే తొమ్మిది వందల కిలోలు పైనే. సముద్రం ఇంత దగ్గరలో ఉన్నచోట మధ్యాహ్నం దాటితే రోజూ గాలి లేస్తుంది, వైశాఖంలో ఈదురుగాలి చెప్పి రాదు. 1996 నవంబరు 6 నాటి తుపాను ఒక్క రాత్రిలో కోనసీమ కొబ్బరి తోటలను ఎలా నేలకూల్చిందో చూసినవాళ్లం, గాలిని తక్కువగా అంచనా వేయలేము. నాలుగో వరుస పూర్తి కాగానే సెట్లు బిగించమని అద్దెవారి మనిషి చెప్పాడు, మేము ఆ మాట విన్నాం. ఆరో వరుస మీద ఉండగా ఒక సాయంత్రం గాలిదుమారం వచ్చి పక్క చెరువు గట్టు మీది రేకుల షెడ్డు కప్పు లేచిపోయింది. మా గోడ చెక్కుచెదరలేదు. ఈ ఒక్క విషయంలో ఆ సెట్లకు నేను నిండు మార్కులు వేస్తాను.

ఇక సరుకు ఎలా ఉంటుందో చెబుతాను. ఒక్కో సెట్టులో పదడుగుల నిలువు ఛానల్ ఒకటి, దాని వీపున పై భాగంలో బిగించే ఏటవాలు పైపు ఒకటి, ఆ పైపు అడుగున టర్న్‌బకిల్, దాని కింద నేలకు బిగించే బేస్‌ప్లేటు, మనుషులు నడవడానికి పలకలు ఆనించే బ్రాకెట్టు, దానికి రెయిలింగు కర్ర దూర్చే గొట్టం ఉంటాయి. నిలువు ఛానల్ పొడవునా గుండ్రటి రంధ్రాలు కాకుండా నిలువుగా కోసిన పొడుగాటి గాళ్లు ఉంటాయి. టర్న్‌బకిల్ చూడగానే మా సెంట్రింగ్ మేస్త్రి, “ఇది మన ట్రాక్టరు టాప్‌లింకే కదండీ బాబుగారూ” అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజం. నడిమి గొట్టానికి ఒక చివర కుడి మర, మరో చివర ఎడమ మర. గొట్టాన్ని తిప్పితే రెండు చివరలూ ఒకేసారి బయటికి గానీ లోపలికి గానీ జరుగుతాయి. పొలంలో నాగలి వాలు సరిచేసే ఆ పరికరమే ఇక్కడ గోడ వాలు సరిచేస్తుంది. మా సెట్లలో ఒక చుట్టు తిప్పితే గోడ పైభాగం ఇంచుమించు అర సెంటీమీటరు కదిలింది. ఆ మాట తర్వాత కొత్త పనిముట్టు అనే బెరుకు కూలీల్లో ఎవరికీ లేకుండాపోయింది, అద్దెవారి మనిషి అరగంట చెప్పినదానికంటే ఆ పోలికే ఎక్కువ పని చేసింది.

సరుగుడు బాదులతో ఇదే పని కాదా అని మా మేనల్లుడు మొదట్లోనే అడిగాడు. “మావయ్యా, ఊరంతా సరుగుడు తోటలే ఉండగా ఇనుము అద్దెకు తేవడం ఎందుకు?” అన్నాడు. అది న్యాయమైన ప్రశ్న. ఈ తీరంలో ఇన్నేళ్లుగా ఎన్ని స్లాబులు, ఎన్ని గుడి గోపురాలు సరుగుడు పరంజాల మీద లేచాయో లెక్కలేదు. బాదు బలం మీద నాకు ఏ అనుమానమూ లేదు. గోడకు దన్నుగా పెట్టిన బాదును మేకులు కొట్టి బిగించేస్తారు, ఆ తర్వాత అది ఉన్నచోటనే ఉంటుంది. కాంక్రీటు పడ్డాక గోడ పావు అంగుళం వాలిందని తెలిస్తే, మేకు ఊడదీసి, బాదు జరిపి, మళ్లీ కొట్టాలి. ఆ దెబ్బల అదురు తడి కాంక్రీటుకూ థర్మోకోల్‌కూ మంచిది కాదు. పైగా ఆ పని ఇరవై చోట్ల చేసేసరికి కాంక్రీటు బిగుసుకుపోతుంది. టర్న్‌బకిల్‌తో అదే పని ఒక మనిషి ఒక్క చేత్తో, చప్పుడు లేకుండా, గోడ వాలు చూడటానికి కట్టిన దారం వైపు చూస్తూ చేస్తాడు. అద్దె, రాను పోను లారీ కిరాయి కలిపితే సరుగుడు ఖర్చుకు మూడింతలైంది. ఆ ఎక్కువ ఖర్చంతా ఆ టర్న్‌బకిల్ మర కోసమే పెట్టామని నేను అనుకుంటున్నాను, పెట్టినందుకు చింత లేదు.

సరుకు దిగిన రోజు మాత్రం సంతోషంగా గడవలేదు. చించినాడ వంతెన దాటి లారీ సాయంత్రం చీకటి పడే వేళకు వచ్చింది, డ్రైవరుకు తిరిగి వెళ్లే తొందర. దించుకుని లెక్క చూసుకుంటే 26 సెట్లూ ఉన్నాయి గానీ, రెండు టర్న్‌బకిళ్ల మరల్లో పాత పనుల కాంక్రీటు పాలు గట్టిపడి అసలు తిరగలేదు. మరో సెట్టు బ్రాకెట్టు వంగి ఉంది. నేలకు బిగించే యాంకర్ ఫాస్టెనర్లు సెట్టులో భాగం కావని అప్పుడే తెలిసింది. ముందు చెప్పి ఉంటే తెప్పించుకునేవాళ్లం, భీమవరం పంపించి తెచ్చుకునేసరికి ఒక రోజు అద్దె వృథా అయింది. గట్టిపడ్డ మరలను డీజిలులో నానబెట్టి, వైరు బ్రష్షుతో రుద్ది, మా ఊరి వెల్డింగు షాపు అతను ఒక పూట కష్టపడి వదులు చేశాడు. మంచి పని ఏమిటంటే, దించుకోగానే ప్రతి మరను తిప్పి చూసి, తిరగనివాటిని ఫోనులో ఫొటోలు తీసి అద్దెవారికి అదే రాత్రి పంపాను. సెట్లు తిరిగి ఇచ్చేటప్పుడు అవే రెండింటిని మేము పాడుచేశామని లెక్కలో రాశారు. ఫొటోలు చూపించాక తీసేశారు. గొడవ పడకుండా తీసేశారు, ఆ మాట కూడా చెప్పాలి. అయినా ఫొటోలు లేకపోతే ఆ డబ్బు పోయేదే. ఈ సరుకు ఎవరు తెచ్చుకున్నా లారీ ముందే ప్రతి మరను చేత్తో తిప్పి చూడండి.

బిగింపులో రెండు విషయాలు ఉన్నాయి, రెండూ ముఖ్యమైనవే. మొదటిది స్క్రూల సంగతి. నిలువు ఛానల్‌కు పొడుగాటి గాళ్లు పెట్టడానికి కారణం ఉంది: కాంక్రీటు బరువు పడగానే దిమ్మెల కీళ్లు సర్దుకుని గోడ కొంచెం కిందికి దిగుతుంది. స్క్రూ గాడిలో పైభాగాన ఉండి, బిగుసుకుపోకుండా ఆనుకుని ఉంటే గోడతోపాటు కిందికి జారుతుంది. మన వడ్రంగులకు స్క్రూ అంటే చివరి వరకూ బిగించడమే తెలుసు, అది వారి తప్పు కాదు. మొదటి రోజు మొత్తం స్క్రూలు తల మునిగేలా బిగించారు. అలా వదిలేస్తే పై వరుసలు ఛానల్‌కు వేలాడి, కింది వరుసలు దిగి, మధ్యలో కీలు తెరుచుకుని కాంక్రీటు పాలు కారిపోయేవి. అద్దెవారి మనిషి వచ్చి చూసి, ప్రతి స్క్రూనూ పావు చుట్టు వెనక్కి తిప్పించాడు. కాంక్రీటు అయ్యాక కొలిస్తే మా గోడ 4 మిల్లీమీటర్లు దిగింది. స్క్రూలన్నీ గాళ్లలో అంతే మేర జారి ఉన్నాయి. ఈ సూచన తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి సెట్టుతో పంపితే ఎంత మేలో వారికి చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. వారు పంపిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది, అది చదివేది నేను, స్క్రూ బిగించేది వేరొకరు.

రెండో విషయం పాదం. ఏటవాలు పైపు ఎంత గట్టిదైనా దాని పాదం జారితే గోడ జారుతుంది. గట్టి నేలల్లో బేస్‌ప్లేటు రంధ్రాల్లోంచి రెండడుగుల ఇనుప గూటాలు దిగగొడితే చాలునని పుస్తకంలో ఉంది. మన ఒండ్రు నేల సంగతి వేరు. పైన అరచెయ్యి మందం ఎండి పగుళ్లిచ్చినట్టు కనిపిస్తుంది, కింద జిగురు మట్టి. వేసవిలో కాలువలు కట్టేసినా పక్కన చెరువుల్లో నీళ్లు ఉంటాయి కాబట్టి గట్టు వెంట చెమ్మ ఆరదు. అందుకని మేము మూడు వారాల ముందే లోపలి నేల ఐదంగుళాల కాంక్రీటు వేసి, సెట్లన్నీ గది లోపలి వైపే పెట్టి, పాదాలను ఆ నేలకు ఫాస్టెనర్లతో బిగించాం. ఆ నేల మీద తర్వాత థర్మోకోల్, దాని మీద మరో కాంక్రీటు పొర వస్తాయి, రంధ్రాలు కనిపించవు. ఆరడుగులకు ఒకటి చొప్పున, మూలల నుంచి రెండడుగుల లోపు ఒకటి చొప్పున, పొడుగు గోడలకు ఏడేసి, పొట్టి గోడలకు ఐదేసి పెట్టాం. మొత్తం 24. మిగిలిన రెండూ తలుపుకు అటొకటి ఇటొకటి. తలుపు లోపల కడుగు నీళ్లు పోయే కాలువ కోసం నేల వేయకుండా వదిలాం, అందుచేత ఆ రెండు సెట్లను బయటి వైపు మట్టి మీద పెట్టవలసి వచ్చింది. వాటికి మాత్రం గూటాలే ఆధారమయ్యాయి. ఇబ్బంది అక్కడే వచ్చింది, దాని గురించి కింద రాస్తాను.

కాంక్రీటు ముందు రోజు సాయంత్రం గోడ పై అంచు వెంట, మూల నుంచి మూలకు, అంగుళం దూరంలో దారం కట్టి, ప్రతి సెట్టు దగ్గర కొలిచి చూశాం. గోడను పూర్తిగా తిన్నగా పెట్టకుండా పై భాగాన్ని 6 మిల్లీమీటర్లు లోపలికి, అంటే సెట్ల వైపుకు వాల్చి ఉంచాం. నిండిన గోడను టర్న్‌బకిల్‌తో బయటికి తోయడం తేలిక, లోపలికి లాగడం కష్టం. లాగితే భారమంతా థర్మోకోల్‌లో దిగిన స్క్రూల మీద పడుతుంది. ఈ చిన్న జాగ్రత్త మరునాడు మాకు చాలా శ్రమ తగ్గించింది.

మొత్తం కాంక్రీటు 19 ఘనపు మీటర్లు, ఎం30 బలం ఉన్న మిశ్రమం, ఆరంగుళాల ఖాళీలో కడ్డీల మధ్య దిగాలి కాబట్టి 10 మిల్లీమీటర్ల చిప్స్ కంకర, స్లంపు, అంటే కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే కొలత, 130 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. మూడు విడతలుగా, విడతకు మూడున్నర అడుగుల ఎత్తు చొప్పున, గది చుట్టూ తిరుగుతూ నింపాలని నిర్ణయించుకున్నాం. గంటకు ఆరేడు ఘనపు మీటర్లు మాత్రమే పోయమని పంపు అతనికి చెప్పినప్పుడు అతని ముఖంలో విసుగు కనిపించింది, స్లాబుల మీద అంతకు నాలుగింతలు పోసే అలవాటు అతనిది. లారీలను గంటకొకటి చొప్పున పిలిపించడం వల్ల అతనికి తొందరపడే వీలు లేకుండా చేశాం. కాంక్రీటును అదిరించి ఖాళీలు లేకుండా సర్దే వైబ్రేటరు సూది 25 మిల్లీమీటర్లదే వాడాలి. మన వైపు అద్దెకు దొరికేవి ఎక్కువగా 40, 60 మిల్లీమీటర్లవి, అవి ఇంత సన్నని గోడలో కడ్డీలకు తగులుతాయి, దిమ్మెలను చీల్చే ప్రమాదమూ ఉంది. రెండో విడత పోసేటప్పుడు సూదిని మొదటి విడతలోకి జానెడు దింపి తీయడం వల్ల రెండు పొరలూ కలిసిపోయాయి.

బ్రాకెట్ల మీద పరిచిన పలకల మీద ముగ్గురు మనుషులు గది చుట్టూ నడిచారు: ఒకరు హోసు పట్టుకుని, ఒకరు వైబ్రేటరుతో, ఒకరు తాపీతో. నడుము ఎత్తున రెయిలింగు ఉంది. నిచ్చెనల మీద నిలబడి, ఒక చేత్తో గోడ పట్టుకుని కాంక్రీటు వేసే పనులు నేను ఎన్నో చూశాను, రెండుసార్లు మనుషులు పడటమూ చూశాను. ఈ సెట్టులో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ నడకదారి. పలకలు మాత్రం సెట్టుతో రావు, రెండంగుళాల మందానివి మనమే సమకూర్చుకోవాలి. సన్నవి వేస్తే వంగుతాయి.

రెండో విడత సగంలో ఉండగా తలుపు పక్కన దారం కొలిచే కుర్రాడు కేక వేశాడు. దారానికీ గోడకూ మధ్య ఉండవలసిన అంగుళం సన్నబడుతోంది. వెళ్లి చూస్తే తలుపుకు కుడివైపు గోడ పైభాగం 22 మిల్లీమీటర్లు బయటికి వాలింది. పంపు ఆపించాను. బయట ఉన్న సెట్టు పాదం దగ్గర మట్టి వెన్నలా నలిగి, రెండు ఇనుప గూటాలూ వెనక్కి ఒరిగి, బేస్‌ప్లేటు వెనక అర్ధచంద్రాకారంలో ఒక కట్ట లేచి ఉంది. ఆ గూటాలు నిలువుగా దిగాయి గానీ పక్కకు తోసే బలాన్ని ఆ బురదలో ఆపలేకపోయాయి. టర్న్‌బకిల్ తిప్పితే గోడ కదలలేదు, పాదమే ఇంకా వెనక్కి జరిగింది. అప్పుడు మా మేస్త్రి ఎవరినీ అడగకుండా, పరంజా కోసం తెచ్చిన సరుగుడు బాదుల్లోంచి ఐదడుగుల ముక్క ఒకటి బేస్‌ప్లేటు వెనక అడ్డంగా పడేసి, నాలుగేసి అడుగుల గూటాలు మూడు చెక్కించి, సమ్మెటతో దాని వెనక దిగగొట్టించాడు. మూడో గూటం దిగేటప్పటి చప్పుడు మారింది, కింద గట్టి పొర తగిలింది. ఆ తర్వాత టర్న్‌బకిల్ నాలుగు చుట్లు తిప్పితే గోడ వెనక్కి వచ్చింది. ఇదంతా ఇరవై నిమిషాల్లో జరిగింది. ఎడమవైపు సెట్టుకూ అలాగే చేయించి, మళ్లీ పంపు మొదలుపెట్టించాం.

ఈ సంఘటనను నేను సెట్టు లోపంగా రాయడం లేదు. నేల లేనిచోట మట్టిని నమ్మడం నా పొరపాటు. అద్దెవారి మనిషి ముందు రోజు వచ్చి ఆ రెండు పాదాలూ చూసి బాగానే ఉన్నాయన్నాడు. అతను గట్టి నేలల్లో పని చేసి వచ్చినవాడు, డెల్టా మట్టిని చూడటం అదే మొదటిసారి. సేవలో లోటు అంటే ఇది. ఈ ప్రాంతానికి సెట్లు పంపేవారు ఇక్కడి నేలకు తగ్గ పొడుగు గూటాలు గానీ, వెడల్పు పాదాలు గానీ ఇవ్వాలి.

కాంక్రీటు పూర్తయ్యాక పని అయిపోయిందనుకుని అందరూ మజ్జిగ తాగుతున్నప్పుడు అసలు పని మొదలైంది. దారం మరోసారి పట్టి, 26 చోట్లా కొలిచి, ఒక్కో టర్న్‌బకిల్‌నూ పావు చుట్టు, అర చుట్టు తిప్పుతూ గోడను బయటికి తోసి గుండుకు తెచ్చాం. ఈ రెండో కొలత ఆఖరి లారీ వెళ్లిన గంటలోపే అయిపోవాలి. ఒక్క మనిషి తిప్పుతుంటే మరొకడు కొలుస్తూ, నలభై నిమిషాల్లో గది చుట్టూ తిరిగి వచ్చారు. మరునాడు గుండు వేసి చూస్తే పొడుగు గోడలు రెండూ 3 మిల్లీమీటర్ల లోపు, పొట్టి గోడలు 4 లోపు ఉన్నాయి. తలుపు కుడివైపు మాత్రం 6 మిల్లీమీటర్లు బయటికి మిగిలింది. పది అడుగుల పైచిలుకు ఎత్తుకు అది తలుపు చట్రం బిగింపులో సర్దుకుపోయే తేడాయే.

సెట్లను ఐదు రోజులు ఉంచాం. కాంక్రీటు వరకే అయితే రెండు రోజులకు తీయవచ్చు, కానీ పైన కప్పు లేని గోడ, బయట వైశాఖం గాలి. రోజు అద్దె మిగులుతుందని తొందరపడలేదు. థర్మోకోల్ రెండు పక్కలా ఉండటం వల్ల తడి ఆరదు, నీళ్లు కొట్టే పని పై అంచుకే పరిమితమైంది.

ఎవరికి పనికొస్తుందని అడిగితే: ఐసీఎఫ్ గోడ ఎనిమిది అడుగులు దాటితే, పొడవు ఇరవై అడుగులు దాటితే, సరుగుడుతో నెట్టుకురావద్దు, ఈ సెట్టే తెచ్చుకోండి. ఒకటి రెండు వరుసల ప్లింతు గోడకైతే, అంటే పునాది మీద నేల మట్టం వరకు లేపే పొట్టి గోడకైతే, అక్కర్లేదు. ఏడాదికి మూడు నాలుగు పనులు చేసే కాంట్రాక్టరు అయితే అద్దె కంటే సొంతంగా చేయించుకోవడం మేలేమో ఆలోచించవచ్చు. మా వెల్డింగు షాపు అతను ఆ ఛానల్‌నూ టర్న్‌బకిల్‌నూ కొలతలు తీసి పెట్టుకున్నాడు, ట్రాక్టరు టాప్‌లింకు మరలతోనే ఒకటి చేసి చూస్తానన్నాడు. దాని బలం చూడకుండా మనుషులు నడిచే గోడకు వాడనని అతనికి చెప్పాను.

మా మేనల్లుడు ఇదే గట్టు మీద ఐస్ నిల్వ చేసే మరో గది కార్తీకం తర్వాత కడతానంటున్నాడు. దానికి ఇదే అద్దెవారి దగ్గర 18 సెట్లు చెప్పి ఉంచాను, మరలు తిప్పి చూశాకే లారీ ఎక్కించాలని మాట తీసుకున్నాను. తలుపు పక్కల రెండు పాదాల కోసం రెండడుగుల చదరం కాంక్రీటు దిమ్మెలు పది రోజుల ముందే పోయించి ఉంచుతాం, వాటి వెనక సరుగుడు గూటాలు నాలుగేసి అడుగులవి.